స్కేట్‌బోర్డు రిమోట్ మధ్యలో కట్ అవుతోందా? ఇలా సరిచేయండి

"అన్నా, బోర్డు బాగానే పోతోంది, కానీ ఉన్నట్టుండి రిమోట్ కట్ అవుతోంది. రిసీవర్ మార్చేయాలా?" ఇంట్లోనే ఎలక్ట్రిక్ స్కేట్‌బోర్డు కట్టుకున్నవాళ్లు నన్ను అడిగే ప్రశ్నల్లో సగం ఇదే. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే అంతా ఒకచోట రాస్తున్నాను.

ముందే ఒక మాట. రిసీవర్ (బోర్డులో ఉండి రిమోట్ సిగ్నల్ అందుకునే భాగం) కొనడానికి తొందరపడకండి. నేను చూసిన కేసుల్లో నిజంగా రేడియో పాడైనవి చాలా తక్కువ. ఎక్కువగా కరెంటు సరఫరా సరిపోకపోవడమో, యాంటెన్నా బ్యాటరీ కింద నలిగిపోవడమో, జంపర్ వైరు (సోల్డర్ లేకుండా గుచ్చే వైరు) వదులవడమో కారణం. ఇంకో సంగతి: సిగ్నల్ ఎంత మెరుగుపరిచినా ఏదో ఒకరోజు అది పోతుంది. ఆ క్షణంలో బోర్డు ఏం చేస్తుందన్నదే అన్నిటికన్నా ముఖ్యం. అందుకే కింద ఫెయిల్‌సేఫ్ (సిగ్నల్ పోతే మోటారును ఆపే ఏర్పాటు) ముందు, రేంజ్ (సిగ్నల్ అందే దూరం) తర్వాత. ఈ వరస మార్చకండి.

నా మొదటి బోర్డుకు ఆర్డుయినోతో (మనమే ప్రోగ్రామ్ రాసుకునే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు) నేనే రిమోట్ చేసుకున్నాను. ఊరి బయట ఒక వెంచర్‌లో, ప్లాట్ల మధ్య వేసిన ఖాళీ రోడ్డు మీద నడుపుతున్నాను. ట్రిగ్గర్ వదిలేశాను, బోర్డు మాత్రం ఆగలేదు. గంటకు 20 కిలోమీటర్ల పైన పోతోంది. నేను పక్కన గడ్డిలోకి దూకాను, అది వెళ్లి ప్లాటు హద్దు రాయిని కొట్టుకుంది. మోచేయి చెక్కుకుపోయింది, అంతే. ఎదురుగా ఎవరైనా పిల్లలు ఉండుంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ గుండె జారుతుంది. కారణం చాలా చిన్నది: సిగ్నల్ పోయాక కూడా రిసీవర్ చివరి థ్రాటిల్ విలువనే (ట్రిగ్గర్ ఎంత నొక్కామన్న లెక్క) మోటారుకు పంపుతూ ఉంది.

కావలసినవి

సోల్డరింగ్ ఐరన్, మల్టీమీటర్, 10 నుంచి 100 మైక్రోఫారడ్ కెపాసిటర్లు రెండు మూడు, 0.1 మైక్రోఫారడ్ సెరామిక్ కెపాసిటర్లు, వైరు మీద తొడిగే ఫెర్రైట్ రింగు ఒకటి, హీట్‌ష్రింక్, కేబుల్ టైలు, వెస్క్ (మోటారును నడిపే కంట్రోలర్) సెట్టింగులు మార్చే వెస్క్ టూల్ యాప్ ఉన్న లాప్‌టాప్ లేదా ఫోను. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు ఇవన్నీ కోఠి గుజరాతీ గల్లీలో ఒక్క తిరుగుడులో దొరుకుతాయి. వీటితో పాటు సాయానికి ఒక మనిషి. పరీక్షలు ఒంటరిగా చేయకండి.

బెంచి మీద పని చేసేటప్పుడు చక్రాలు నేలకు తగలకుండా బోర్డును రెండు ఇటుకల మీద ఎత్తి పెట్టండి. బెల్టులో వేళ్లు పడితే గాయం మామూలుగా ఉండదు. మోటారు తిప్పాల్సిన పని లేనప్పుడు బ్యాటరీ తీసేసి ఉంచండి.

1. ముందు రోగం ఏమిటో తేల్చుకోండి

"కట్ అవుతోంది" అనే ఒక్క మాట వెనక నాలుగు వేరువేరు జబ్బులు ఉంటాయి.

ఏ రోడ్డు మీదైనా, వేగం ఎంతైనా మధ్యమధ్య ఒక్క క్షణం కట్ అయి మళ్లీ వస్తుంటే యాంటెన్నా, ఛానెల్ చూడాలి. గట్టిగా యాక్సిలరేట్ చేసినప్పుడో, గట్టిగా బ్రేకు వేసినప్పుడో మాత్రమే కట్ అయితే కరెంటు సరఫరా లేదా మోటారు నాయిస్ (మోటారు వైర్ల నుంచి సిగ్నల్ వైరులోకి దూరే విద్యుత్ గోల). గుంతల మీద, స్పీడ్ బ్రేకర్ల మీద మాత్రమే అయితే వదులు జాయింటు. బోర్డు కదలకుండా ఉన్నప్పుడు కూడా థ్రాటిల్ విలువ వణుకుతుంటే అది సిగ్నల్ జబ్బే కాదు, రిమోట్‌లో ట్రిగ్గర్ ఎంత నొక్కారో కొలిచే పొటెన్షియోమీటర్ అరిగిపోయింది.

చివరిది చూడటం సులువు. వెస్క్ టూల్‌లో యాప్ సెట్టింగ్స్, అందులో పీపీఎం, అందులో మ్యాపింగ్ తెరవండి. రిసీవర్ వెస్క్‌కు పంపే పల్స్ పొడవు అక్కడ కనిపిస్తుంది. ట్రిగ్గర్ వదిలేసినప్పుడు 1.5 మిల్లీసెకన్ల దగ్గర నిలకడగా ఉండాలి, పూర్తిగా నొక్కితే 2 దగ్గరికి, పూర్తి బ్రేకుకు 1 దగ్గరికి వెళ్లాలి. మీ రిమోట్‌లో ఈ అంకెలు కొంచెం అటూ ఇటూ ఉండొచ్చు. అంకె ఎక్కడుందన్నది కాదు, అది గెంతుతోందా లేదా అన్నదే చూడండి.

2. ఫెయిల్‌సేఫ్

రెడీమేడ్ రిమోట్, రిసీవర్ వాడుతున్నవాళ్లు ముందు ఇది చేయండి. చక్రాలు గాల్లో ఉంచి, ట్రిగ్గర్ ఐదో వంతు నొక్కి, చక్రాలు తిరుగుతుండగా రిమోట్ స్విచ్ ఆపేయండి. చక్రాలు నెమ్మదించి ఆగిపోతే మంచిది. తిరుగుతూనే ఉంటే ఆ బోర్డు ఎక్కకండి. ఇది సరిచేసేదాకా ఒక్క అడుగు కూడా నడపొద్దు.

చాలామంది ఇక్కడ ఒక పొరపాటు పడతారు. "వెస్క్‌లో టైమ్‌అవుట్ ఉంది కదా, అదే చూసుకుంటుంది" అనుకుంటారు. వెస్క్ టైమ్‌అవుట్ పనిచేసేది దానికి పల్సులు రావడం ఆగిపోయినప్పుడు మాత్రమే. రిసీవర్ చివరి విలువను పట్టుకుని పంపుతూనే ఉంటే వెస్క్‌కు అంతా బాగున్నట్టే లెక్క. నా బోర్డు రాయిని కొట్టుకుంది ఇలాగే.

కారు రిమోట్లకు వచ్చే రిసీవర్లలో చాలావాటికి ఫెయిల్‌సేఫ్ స్థానం బైండింగ్ (రిమోట్‌ను రిసీవర్‌తో జత చేయడం) సమయంలోనే నమోదవుతుంది. ట్రిగ్గర్ వదిలేసి, న్యూట్రల్‌లో ఉంచి మళ్లీ బైండ్ చేసి, పై పరీక్ష మళ్లీ చేయండి. ఫెయిల్‌సేఫ్ అసలు లేని రిసీవర్ అయితే దాన్ని మాత్రం మార్చాల్సిందే.

రిసీవర్ మీరే కోడ్ రాసుకున్నదైతే మూడు అంచెలు పెట్టండి. చివరి ప్యాకెట్ (రిమోట్ పంపే ఒక్కో సందేశం) వచ్చి 250 మిల్లీసెకన్లు దాటితే థ్రాటిల్ న్యూట్రల్‌కు రావాలి. 500 దాటితే పల్సులు పంపడమే ఆపేయాలి, అంటే సర్వో అవుట్‌పుట్‌ను డిటాచ్ చేయాలి. అక్కడి నుంచి వెస్క్ తన టైమ్‌అవుట్ ప్రకారం చూసుకుంటుంది. గంటకు 25 కిలోమీటర్ల వేగంలో 250 మిల్లీసెకన్లంటే సుమారు 1.7 మీటర్ల దూరం. ఇంకా తగ్గిస్తే ఒకటి రెండు ప్యాకెట్లు తప్పిపోయినప్పుడల్లా బోర్డు కుదుపుతుంది, నిలబడ్డ మనిషికి అది కూడా ప్రమాదమే.

ఆర్డుయినో వాళ్లు గమనించాల్సిన ఇంకో విషయం ఉంది. పల్సులు పంపే సర్వో లైబ్రరీ మీ లూప్‌తో సంబంధం లేకుండా టైమర్ ఇంటరప్ట్ మీద నడుస్తుంది. మీ మెయిన్ లూప్ రేడియో దగ్గర ఎక్కడో ఇరుక్కుపోయినా పల్సులు మాత్రం ఆగకుండా పోతూనే ఉంటాయి! మీరు రాసిన 250 మిల్లీసెకన్ల లెక్క లూప్‌లో ఉంటుంది కాబట్టి అది అసలు నడవదు. అందుకే వాచ్‌డాగ్ (ప్రోగ్రామ్ ఇరుక్కుపోతే చిప్‌ను రీసెట్ చేసే టైమర్) తప్పనిసరి. 250 మిల్లీసెకన్లకు పెట్టండి. పాత బూట్‌లోడర్ (బోర్డు ఆన్ కాగానే మొదట నడిచే చిన్న ప్రోగ్రామ్) ఉన్న నానో బోర్డుల్లో వాచ్‌డాగ్ రీసెట్ అయ్యాక బోర్డు బూట్‌లోడర్‌లోనే తిరుగుతూ ఉండిపోతుంది. కొత్త బూట్‌లోడర్ ఎక్కించుకుని, లూప్‌లో కావాలని ఒక అంతులేని లూప్ పెట్టి, వాచ్‌డాగ్ నిజంగా కాపాడుతోందో లేదో కళ్లతో చూసుకోండి.

ఇప్పుడు వెస్క్ వైపు. యాప్ సెట్టింగ్స్, జనరల్‌లో టైమ్‌అవుట్ మామూలుగా 1000 మిల్లీసెకన్లు ఉంటుంది. దాన్ని 500కు తెచ్చుకోండి. దాని పక్కనే టైమ్‌అవుట్ బ్రేక్ కరెంట్ ఉంటుంది. అది సున్నా అయితే సిగ్నల్ పోయాక బోర్డు దానంతట అది దొర్లుతూ పోతుంది. చదునైన రోడ్డు మీద పర్వాలేదు కానీ దిగుడు రోడ్డు మీద అది ఆగదు. మోటారుకు 3 నుంచి 5 ఆంపియర్లతో మొదలుపెట్టండి. నడక వేగంలో, మోకాళ్లు కొంచెం వంచి నిలబడి, సాయం మనిషి పక్కన ఉండగా రిమోట్ ఆపి చూడండి. ఒళ్లు ముందుకు తూలకుండా ఆగాలి. ఒకేసారి 20 ఆంపియర్లు పెడితే బోర్డు ఆగుతుంది, మీరు ఆగరు.

పీపీఎంలో సేఫ్ స్టార్ట్, మీడియన్ ఫిల్టర్ రెండూ ఆన్‌లో ఉంచండి. సేఫ్ స్టార్ట్ ఉంటే, పల్సులు ఆగి వెస్క్ టైమ్‌అవుట్ అయ్యాక రిమోట్ తిరిగొచ్చినప్పుడు ట్రిగ్గర్ ఒకసారి న్యూట్రల్‌కు వస్తే తప్ప మోటారు కదలదు. కంట్రోల్ మోడ్ "కరెంట్ నో రివర్స్ విత్ బ్రేక్" పెట్టుకోండి. డ్యూటీ సైకిల్ మోడ్ స్కేట్‌బోర్డుకు వద్దు. అందులో ట్రిగ్గర్ ఒక్కసారిగా వదిలినా గట్టి బ్రేకు పడుతుంది, సిగ్నల్ పోయి న్యూట్రల్‌కు వచ్చినా అంతే.

3. కరెంటు సరఫరా

ఎన్‌ఆర్‌ఎఫ్24ఎల్01 ప్లస్ రేడియో మాడ్యూల్ వాడేవాళ్లలో ఎక్కువమంది సమస్య ఇక్కడే తీరిపోతుంది. ఆ మాడ్యూల్ 3.3 వోల్టులతో నడుస్తుంది, పంపే ప్రతిసారీ చటుక్కున కరెంటు లాగుతుంది. బయట కర్ర యాంటెన్నా ఉండే రకమైతే 100 మిల్లీ ఆంపియర్లు దాటుతుంది. ఆర్డుయినో నానో మీద ఉన్న 3.3 వోల్టుల పిన్ను అంత ఇవ్వలేదు.

మాడ్యూల్ పిన్నుల మీదే, వీసీసీకి (కరెంటు అందే పిన్ను) గ్రౌండ్‌కు మధ్య, 10 నుంచి 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి, 0.1 మైక్రోఫారడ్ సెరామిక్ ఒకటి సోల్డర్ చేయండి. పది సెంటీమీటర్ల వైరు అవతల పెడితే లాభం లేదు. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్‌కు గీత ఉన్న కాలు గ్రౌండ్‌కు వెళ్లాలి.

చేతి రిమోట్‌లో ఇంకో ఉచ్చు ఉంది. ఒక్క లిథియం సెల్ పెట్టి, దానికి ఏఎంఎస్1117 రెగ్యులేటర్ తగిలించడం చాలామందికి అలవాటు, ఎందుకంటే అది అన్నిచోట్లా చవగ్గా దొరుకుతుంది. ఆ రెగ్యులేటర్ సుమారు ఒక వోల్టు మింగేస్తుంది. సెల్ 4.2 దగ్గర ఉన్నప్పుడు బాగానే నడుస్తుంది, 3.7కు దిగాక రేడియోకు చేరేది 2.7 మాత్రమే. "మొదటి పది నిమిషాలు బాగుంటుంది, తర్వాతే కట్ అవుతుంది" అని ఎవరైనా అంటే నేను ముందు అడిగేది దీని గురించే. దాని బదులు తక్కువ డ్రాపౌట్ ఉన్న (అంటే తక్కువ వోల్టేజీ మింగే) హెచ్‌టీ7333 లేదా ఎంసీపీ1700 లో 3.3 వోల్టుల రకం వాడండి.

బోర్డు వైపు: రిసీవర్‌కు 5 వోల్టులు వెస్క్ నుంచే వస్తుంటే, మల్టీమీటర్ పెట్టి మోటారు లోడు మీద కూడా 5 దగ్గర నిలుస్తోందో లేదో చూడండి. ఆ 5 వోల్టుల మీద ఎల్‌ఈడీ పట్టీలు వేలాడదీయకండి. రెండు వెస్క్‌లు ఉంటే ఎర్ర వైరు ఒక్కదాని నుంచే రిసీవర్‌కు రావాలి, రెండోదాని ఎర్ర వైరు తీసి టేపు చుట్టేయండి.

4. యాంటెన్నా ఎక్కడ ఉండాలి

2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 12.5 సెంటీమీటర్లు, అందులో నాలుగో వంతు 31 మిల్లీమీటర్లు. రిసీవర్ నుంచి వచ్చే సన్నటి వైరు చివర తొడుగు లేని ముక్క దాదాపు అంతే ఉంటుంది. యాంటెన్నా అంటే ఆ ముక్క ఒక్కటే. మిగతాదంతా దాన్ని మోసే కేబుల్. ఆ 31 మిల్లీమీటర్లను కత్తిరించకూడదు, మెలి తిప్పకూడదు, బ్యాటరీకి ఆనించకూడదు. "పొడుగ్గా ఉందని కట్ చేశాను" అని చెప్పినవాళ్లు నాకు ఇద్దరు తగిలారు.

ఈ తరంగాలకు రెండు అడ్డంకులు: లోహం, నీరు. మీ ఒంట్లో ఎక్కువ భాగం నీరే. ఎడమ కాలు ముందుంచి, కుడిచేతిలో రిమోట్‌ను తొడ వెనకకు వదిలి నిలబడితే రిమోట్‌కు రిసీవర్‌కు మధ్య మీ కాళ్లు రెండూ అడ్డం. కింద బ్యాటరీ ప్యాక్ అంటే ఒక పెద్ద లోహపు దిమ్మ. అందుకే మీటరు దూరంలో ఉండి కూడా సిగ్నల్ పోతుంది.

కాబట్టి రిసీవర్‌ను ఎన్‌క్లోజర్ (బోర్డు అడుగున ఉండే డబ్బా) అంచు దగ్గర, డెక్‌కు (మీరు నిలబడే పలకకు) ఆనుకుని పెట్టండి. యాంటెన్నా ముక్కను బ్యాటరీ పక్క నుంచి బయటకు తెచ్చి, చెక్కకు టేపుతో వంపు లేకుండా తిన్నగా అంటించండి. లోహానికి కనీసం 2 సెంటీమీటర్ల దూరం ఉంచండి. మేపుల్, వెదురు, ఫైబర్‌గ్లాస్, ఏబీఎస్ ప్లాస్టిక్ వీటిలోంచి సిగ్నల్ దూరుతుంది. కార్బన్ ఫైబర్ డెక్, అల్యూమినియం డబ్బా అయితే దూరదు, యాంటెన్నా బయటికి రావాల్సిందే. సన్నటి ప్లాస్టిక్ గొట్టం తొడిగితే రాళ్లు తగిలినా తెగదు. యాంటెన్నా కొన నేరుగా మీ చేతి వైపు గురిపెట్టి ఉండకూడదు. కొన దిశలోనే దానికి వినికిడి తక్కువ, పక్కలకు బాగా వింటుంది. రెండు యాంటెన్నాలున్న రిసీవర్ అయితే ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా.

మాడ్యూల్ మీదే వంకర గీతలా అచ్చేసిన యాంటెన్నా ఉంటే ఆ కొన కింద వైరు గానీ, సోల్డర్ చేసిన బోర్డు గానీ ఉండకుండా చూసుకోండి. రిమోట్‌లో కూడా అంతే. మీ బొటనవేలు సరిగ్గా ఆ గీతల మీదే పడుతోందేమో ఒకసారి చూడండి.

5. మోటారు నాయిస్

రిసీవర్ నుంచి వెస్క్‌కు వెళ్లే మూడు వైర్లను కలిపి జడలా మెలేయండి. వెస్క్ దగ్గర ఫెర్రైట్ రింగులో రెండు మూడు చుట్లు తిప్పండి. మోటారుకు వెళ్లే మూడు లావు వైర్ల పక్కన సిగ్నల్ వైరును పరచకండి, 5 సెంటీమీటర్లయినా దూరం ఉంచండి. దాటక తప్పకపోతే అడ్డంగా దాటించండి. ఇంతే.

6. జాయింట్లు

మన రోడ్ల మీద, గట్టి యురేథేన్ చక్రాల మీద, బోర్డు అడుగున ఉన్న ప్రతి జాయింటూ గంటకు వేల దెబ్బలు తింటుంది. బ్రెడ్‌బోర్డుకు వాడే జంపర్ వైర్లు ఎన్‌క్లోజర్ లోపల ఒక్కటి కూడా ఉండకూడదు. అన్నీ సోల్డర్ చేయండి, లేదా లాక్ పడే కనెక్టర్లు వాడండి.

ఒక బోర్డు నా దగ్గరికి మూడుసార్లు వచ్చింది. బెంచి మీద ఎంతసేపు నడిపినా బాగుంటుంది, రోడ్డెక్కితే కట్. చివరికి ఫోను కెమెరా పూర్తిగా జూమ్ చేసి రిసీవర్ పిన్నుల్ని ఒక్కొక్కటిగా చూశాను. గ్రౌండ్ పిన్ను చుట్టూ సోల్డర్‌లో వెంట్రుకంత గుండ్రటి పగులు కనిపించింది. అగ్గిపుల్లతో పిన్నును పక్కకు నెడితే రిసీవర్ లైటు ఆరుతుంది, వదిలితే వెలుగుతుంది. ఐరన్ పెట్టి మూడు సెకన్లు కరిగిస్తే సరిపోయింది. మీరూ ఇదే చేయండి: కరెంటు ఉండగా ఒక చెక్క పుల్లతో ప్రతి పిన్నును, ప్రతి కనెక్టర్‌ను మెల్లగా కదిపి, వెస్క్ టూల్‌లో పల్స్ గెంతుతోందేమో చూడండి. మోటారు వైర్లు, బ్యాటరీ టెర్మినళ్ల జోలికి మాత్రం ఇలా వెళ్లొద్దు.

తర్వాత సిలికాన్‌తో అంటించాలనుకుంటే న్యూట్రల్ క్యూర్ అని రాసి ఉన్నదే కొనండి. ఘాటుగా వెనిగర్ వాసన వచ్చే రకం రాగిని తినేస్తుంది. యాంటెన్నాను మాడ్యూల్‌కు కలిపే అతి చిన్న గుండ్రటి కనెక్టర్‌ను మాటిమాటికీ పీకి పెట్టకండి, కొద్దిసార్లకే దాని పట్టు వదులైపోతుంది.

7. ఛానెల్, అడ్రస్, స్పీడు (సొంతంగా కోడ్ రాసుకున్నవాళ్లకు మాత్రమే)

డేటా రేటు 250 కేబీపీఎస్‌కు తగ్గించండి. మీరు పంపేది సెకనుకు 50 చిన్న ప్యాకెట్లే, 2 ఎంబీపీఎస్ అక్కర్లేదు. రేటు తగ్గితే రిసీవర్ బలహీనమైన సిగ్నల్‌ను కూడా వింటుంది. చిప్ పేరులో "ప్లస్" లేని పాత రకానికి ఈ 250 రేటు లేదు, గుర్తుంచుకోండి.

ఛానెల్ నంబరును 2400కు కూడితే మెగాహెర్ట్జ్ వస్తుంది. వైఫై ఎక్కువగా ఉండే 1, 6, 11 ఛానెళ్లు సుమారు 2473 దాకా ఆక్రమిస్తాయి. 2476 నుంచి 2479 మధ్య కొంత ఖాళీ ఉంటుంది కాబట్టి 77 లేదా 78 ప్రయత్నించండి. 83 దాటి పోకండి, లైసెన్స్ అక్కర్లేని బ్యాండు 2483.5 దగ్గర ముగుస్తుంది.

అడ్రస్ తప్పకుండా మార్చండి. నెట్‌లో దొరికే పాఠాల్లో చాలావాటిలో "00001" అనే అడ్రస్, లైబ్రరీ తనంతట పెట్టే 76వ ఛానెల్ ఉంటాయి. అదే పాఠం చూసి కట్టిన ఇద్దరు ఒకచోట కలిస్తే ఒకరి ట్రిగ్గర్‌కు ఇంకొకరి బోర్డు కదులుతుంది. ఐదు బైట్లూ మీ సొంతంగా పెట్టుకోండి.

పవర్ ఫుల్లు పెట్టి అర మీటరు దూరంలో పరీక్షించి "పనిచేయట్లేదు" అనకండి. బాగా దగ్గరలో గట్టి సిగ్నల్ రిసీవర్ చెవులు మూసేస్తుంది. మూడు మీటర్లు వెనక్కి జరిగి చూడండి, లేదా పవర్ తగ్గించండి.

ఇవన్నీ వద్దనుకుంటే రేడియో లోపలే ఉండే ఈఎస్‌పీ32 బోర్డులు రెండు తీసుకుని, అవి నేరుగా మాట్లాడుకునే ఈఎస్‌పీ-నౌ పద్ధతి మీద నడపొచ్చు. వైర్లు తగ్గుతాయి, రెగ్యులేటర్ బోర్డు మీదే ఉంటుంది. 2.4 అసలు వద్దనుకునేవాళ్లు తక్కువ ఫ్రీక్వెన్సీ మాడ్యూళ్ల వైపు వెళ్తారు. అప్పుడు 915 మెగాహెర్ట్జ్‌వి కొనకండి, మన దేశంలో అది లైసెన్స్ లేకుండా వాడే బ్యాండు కాదు. 865 నుంచి 867 మధ్య ట్యూన్ అయ్యేవి తీసుకోండి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు మాత్రం నా సలహా, ఫెయిల్‌సేఫ్ ఉన్న మంచి కారు రిమోట్ ఒకటి కొనుక్కోండి. రేడియో మీద సరదా తర్వాత తీర్చుకోవచ్చు.

8. ఫలితం ఎలా చూసుకోవాలి

"మొన్నటికంటే బాగుంది" అనేది కొలత కాదు. సొంత కోడ్ ఉన్నవాళ్లు ప్రతి ప్యాకెట్‌లో ఒక వరస నంబరు పంపండి, మధ్యలో ఎన్ని తప్పాయో రిసీవర్ లెక్కపెట్టి లాప్‌టాప్‌కు చెప్పాలి. రెడీమేడ్ రిమోట్ వాళ్లు వెస్క్ టూల్‌లో పల్స్‌ను చూస్తూ ఉండాలి, లేదా రిసీవర్ లైటును ఫోనుతో వీడియో తీయాలి.

బోర్డును నేల మీదే పెట్టండి, బల్ల మీద కాదు. మోటారు వైర్లు తీసి, కొనలకు విడివిడిగా టేపు చుట్టి, బోర్డు మీద సాయం మనిషిని నిలబెట్టండి. మీరు రిమోట్ పట్టుకుని 5, 10, 20, 30 మీటర్ల దూరంలో ఆగండి. ప్రతిచోటా ఒక నిమిషం ఎదురుగా, ఒక నిమిషం వెనక్కి తిరిగి రిమోట్‌ను పొట్టకు ఆనించుకుని. 30 మీటర్ల దగ్గర వెనక్కి తిరిగినప్పుడు కూడా వరసగా ఐదు ప్యాకెట్లకు మించి తప్పకపోతే ఒక మీటరు దూరంలో నడపడానికి చాలినంత మిగులు ఉన్నట్టే. 10 మీటర్లలోనే పోతుంటే నాలుగో మెట్టుకు తిరిగి వెళ్లండి.

ఇప్పుడు మోటారు వైర్లు కలిపి, చక్రాలు గాల్లో తిరుగుతుండగా 20 మీటర్ల పరీక్ష మళ్లీ చేయండి. ఇందాక బాగుండి ఇప్పుడు పోతే ఐదో మెట్టు. రెండూ బాగుండి రోడ్డు మీదే పోతే ఆరో మెట్టు. ఒకసారికి ఒక్క మార్పే చేయండి, తేదీతో కాగితం మీద రాసుకోండి. నాలుగు కలిపి మారిస్తే దేనివల్ల బాగుపడిందో ఎప్పటికీ తెలియదు.

రోడ్డెక్కే మొదటి రోజు హెల్మెట్, మోచేతి, మోకాలి ప్యాడ్లు, మణికట్టు గార్డులు వేసుకుని, ఖాళీ రోడ్డు మీద గంటకు 10 కిలోమీటర్లు దాటకుండా పది నిమిషాలు నడపండి. మధ్యలో ఒకసారి మీరే కావాలని రిమోట్ ఆపండి. బోర్డు నెమ్మదిగా ఆగాలి. సిగ్నల్ పోతే పల్సులు ఆపేసే రిసీవర్ అయితే, రిమోట్ మళ్లీ ఆన్ చేసి, ట్రిగ్గర్ నొక్కే ఉంచినా బోర్డు కదలకూడదు, వదిలి మళ్లీ నొక్కితేనే కదలాలి. ఈ రెండూ జరిగితే ఆ వేగానికి మీ బోర్డు సిద్ధం. వేగం పెంచిన ప్రతిసారీ, వెస్క్ ఫర్మ్‌వేర్ మార్చిన ప్రతిసారీ ఈ రిమోట్ ఆపే పరీక్ష మళ్లీ మొదటి నుంచి చేయండి. ఫర్మ్‌వేర్ మారిస్తే సెట్టింగులు చెరిగిపోయి టైమ్‌అవుట్ బ్రేక్ కరెంట్ మళ్లీ సున్నాకు రావచ్చు.